ఇచ్చిన కొద్దీ నిలిచే పాట

పసిఫిక్ మహాసముద్రం నడుమ బేకర్ అనే చిన్న ద్వీపం ఉంది. 1860ల చివరలో ఒక ఓడ అక్కడ పగిలిపోయింది. ఒడ్డున చిక్కుకున్న నావికులను కొన్నాళ్లకు ఆ దారిన వచ్చిన మరొక చిన్న ఓడ ఎక్కించుకున్నది. దానిని నడిపేవారు హవాయి ద్వీపవాసులు. అనుకోకుండా వచ్చిపడిన ఇందరికీ చాలినంత తిండి ఆ ఓడలో లేదు. హొనలూలూ రేవు చేరడానికి 34 రోజులు పట్టింది.

ఓడలోని ఒక హవాయి నావికుని దగ్గర మంచి వేణువు ఉండేది. అతనికి దానిమీద వచ్చినది ఒకే ఒక చిన్న భజన వరుస. రక్షింపబడినవారిలో ఉన్న ఒక ఐరిష్ యువకుడు ఆ వేణువును చేతికి తీసుకొని, చిన్ననాడు తన ఊరిలో విన్న వరుసలను వాయించాడు. ఒకరి భాష ఒకరికి తెలియదు. అయినా ఆనాటి నుండి ఆ ద్వీపవాసి తనకు వచ్చే చేమదుంపల ముద్దలోనూ, డబ్బా చేపలోనూ ఆ యువకునికి వాటా పెట్టాడు. ఓడ రేవు చేరిన తరువాత ముగ్గురిని తప్ప తక్కిన నావికులందరినీ ఆసుపత్రికి పంపవలసి వచ్చింది. ఆరోగ్యంగా దిగిన ఆ ముగ్గురిలో వేణువు వాయించిన యువకుడు ఒకడు.

అతని పేరు ఫ్రాన్సిస్ ఓనీల్. 1848లో ఐర్లండు దక్షిణాన, కార్క్ మండలంలోని ట్రాలిబేన్ అనే పల్లెలో జన్మించాడు. తరువాతి కాలంలో అమెరికాలోని చికాగో నగరానికి పోలీసు అధిపతి అయ్యాడు. అయితే ఐర్లండు ప్రజలు ఆయనను నేటికీ తలచుకొనేది దొంగలను పట్టినందుకు కాదు, పాటలను పట్టి నిలిపినందుకు. నచ్చిన పాటను దాచుకొనేవాని కంటె పదిమందికి పంచేవాడే దానిని బ్రతికిస్తాడన్న సత్యం ఐరిష్ సంగీత చరిత్రలో అడుగడుగునా కనిపిస్తుంది. ఆ చరిత్రలో ఒక దారి మన దేశం దాకా వచ్చింది.

వృద్ధుని వేలికొసలు

ఓనీల్ పుట్టుకకు అర్ధశతాబ్దం ముందే ఐర్లండు తన ప్రాచీన సంగీతాన్ని దాదాపు పోగొట్టుకొన్నది. వందల ఏళ్లుగా ఆ దేశపు ప్రభువుల ఇళ్లలో హార్ప్ అనే నిలువు తంత్రీవాద్యానికి గొప్ప గౌరవం ఉండేది. ఆంగ్లేయుల ఆధిపత్యంలో ఆ ప్రభు కుటుంబాలు కూలిపోగా, వాదకులు ఇంటింటికీ తిరిగి పొట్ట పోసుకొనే స్థితికి వచ్చారు. వారిలో ఎక్కువమంది అంధులు. వరుసలన్నీ వారి జ్ఞాపకంలోనే ఉండేవి.

మిగిలిన వాదకులను ఒకచోట చేర్చి, వారి సంగీతాన్ని కాగితం మీదికి ఎక్కించాలని బెల్‌ఫాస్ట్ పట్టణంలోని కొందరు రసికులు సంకల్పించారు. 1792 జూలైలో జరిగిన ఆ సభకు ఐర్లండు అంతటినుండీ వచ్చినవారు పదిమంది మాత్రమే. స్వరలిపి వ్రాసే పని ఎడ్వర్డ్ బంటింగ్ అనే 19 ఏళ్ల ఆర్గన్ వాదకునికి అప్పగించారు.

వచ్చినవారిలో డెనిస్ హెంప్సన్ అందరికంటె పెద్దవాడు. ఆయన వయస్సు 97 సంవత్సరాలని చెప్పుకొనేవారు. చిన్నతనంలోనే మశూచికం సోకి చూపు పోయింది. లోహపు తీగెలను పొడవైన గోళ్లతో మీటే పాత పద్ధతి ఆ సభలో ఆయన ఒక్కనికే మిగిలింది. తరతరాల నాటి ఒక ఆలాపనను వినిపించుమని బంటింగ్ కోరినప్పుడు ఆ వృద్ధుడు ఎంతో సంకోచించాడు. దానిని వాయించి ప్రయోజనమేమిటి, ఇప్పుడున్న హార్ప్ వాదకులకే అది అర్థం కాదు గదా అన్నాడు. అంతేకాదు, ఆ స్వరాలు తన యౌవనాన్నీ, తనకంటె ముందు వెళ్లిపోయిన మిత్రులనూ గుర్తుకు తెస్తాయని బాధపడ్డాడు. చివరకు ఎట్లాగో ఒప్పుకొని వాయించాడు. పక్కన కూర్చున్న కుర్రవాడు వ్రాసుకున్నాడు. హెంప్సన్ 1807లో మరణించాడు. ఆనాడు ఆయన కాదని ఉంటే ఆ ఆలాపన ఆయనతోపాటే పోయి ఉండేది.

బంటింగ్ చేసిన పనిలో లోపాలు లేకపోలేదు. తీగెల మీది సంగీతాన్ని అతడు పియానోకు అనువుగా మలిచాడు. సభనాటికి పాటల మాటలను పట్టించుకోలేదు. వాటిని సేకరించడానికి 1802లో పాట్రిక్ లించ్ అనే ఐరిష్ భాషాపండితుని పశ్చిమ ప్రాంతానికి పంపవలసి వచ్చింది. అయినా 1796లో బంటింగ్ ప్రచురించిన 66 వరుసల సంపుటి ఐరిష్ సంగీతానికి ఒక నిక్షేపమే అయింది.

మూగవోయిన నేల

ఆ తరువాత వచ్చిన విపత్తు హార్ప్ వాదకులతో ఆగలేదు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేదలకు అదే ఆహారం. ఏడెనిమిది ఏళ్లలో దాదాపు పది లక్షలమంది ఆకలితో, జ్వరాలతో మరణించారు. మరి పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. జార్జ్ పీట్రీ అనే పండితుడు 1855లో తన వరుసల సంపుటిని ప్రకటిస్తూ, పాటలకు పుట్టినిల్లయిన ఆ పల్లెసీమలో అలముకున్న నిశ్శబ్దమే తనను ఎక్కువగా కలతపెట్టిందని వ్రాశాడు. చనిపోయినవారిని లెక్కించవచ్చు, వారితోపాటు పోయిన పాటలను లెక్కించేవారెవరు?

పీట్రీ సంపుటిలో ఒక వరుస ఉంది. దానిని ఆయనకు పంపినది లిమవాడీ అనే ఊరి నివాసి జేన్ రాస్. దానిని కూర్చినవారెవరో ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ల తరువాత ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఆంగ్ల న్యాయవాది, ఊరు విడిచిపోయే అబ్బాయిని గూర్చి 1910లో ఒక పాట వ్రాశాడు. దానికి తగిన వరుస కుదరలేదు. 1912లో అమెరికాలో ఉన్న ఆయన సోదరుని భార్య, తనకు నచ్చిన ఒక వరుసను ఆయనకు పంపింది. అది జేన్ రాస్ కాపాడిన వరుసే. మాటలను దానికి తగినట్లు కొద్దిగా మార్చగా 1913లో ‘డానీ బాయ్’ వెలువడింది. ఐర్లండు పేరు వినగానే నేడు ప్రపంచం తలచుకొనే పాట అది. ఇద్దరు స్త్రీలు తమకు నచ్చిన వరుసను తమలోనే ఉంచుకొని ఉంటే ఆ పాట పుట్టేదే కాదు.

పోలీసు అధిపతి సంగ్రహం

దేశం విడిచినవారితోపాటు పాటలు కూడా సముద్రం దాటాయి. చికాగో, న్యూయార్క్ వంటి నగరాలలో ఐర్లండులోని అన్ని జిల్లాలవారూ ఒకే వీధిలో కాపురముండేవారు. స్వదేశంలో ఒకరి పాట ఒకరు వినే అవకాశం లేనివారు పరదేశంలో ఇరుగుపొరుగులయ్యారు. ఓనీల్ కనిపెట్టిన సదవకాశం అదే.

1873లో ఆయన పోలీసు ఉద్యోగంలో చేరాడు. చేరిన కొద్దికాలానికే ఒక దొంగ కాల్చిన తూటా వెన్నెముక సమీపంలో దిగింది. దానిని తీయడం సాధ్యపడక, జీవితాంతం శరీరంలోనే మోశాడు. అంచెలంచెలుగా ఎదిగి 1901 నుండి 1905 వరకు నగర పోలీసు అధిపతిగా పనిచేశాడు. మంచి వాదకుడు ఎవరైనా ఐర్లండు నుండి వచ్చాడంటే ఓనీల్‌కు తెలియకుండా ఉండేది కాదు. అటువంటివారిలో కొందరికి ఆయన పోలీసు కొలువు కూడా ఇప్పించాడు.

ఇన్ని వరుసలు జ్ఞాపకం ఉన్నా, ఆయనకు స్వరలిపి వ్రాయడం రాదు. ఆ లోటు తీర్చినవాడు జేమ్స్ ఓనీల్ అనే మరొక పోలీసు. ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వం లేదు. ఆయన ఫిడేలు వాయించేవాడు, విన్నది విన్నట్లు వ్రాయగలిగేవాడు. ఫ్రాన్సిస్ తన తల్లిదండ్రుల నోటా, ఊరివారి వద్దా విన్నవాటిని వేణువు మీద వినిపించగా జేమ్స్ వ్రాసేవాడు. ఆ పైన మిత్రుల వద్ద ఉన్నవి, కొత్తగా వచ్చినవారు తెచ్చినవి పోగయ్యాయి. 1903లో 1850 వరుసలతో ఒక బృహత్సంపుటం, 1907లో 1001 నృత్యగీతాలతో మరొక సంపుటం వెలువడ్డాయి. పల్లె వాదకులు ఆ రెండవ సంపుటిని పేరుతో పిలవక ‘పుస్తకం’ అని మాత్రమే అనేవారు. ఏ పుస్తకమని ఎవరూ అడగవలసిన అవసరం ఉండేది కాదు.

సేకరణలో ఓనీల్‌కు ఎదురైన పెద్ద ఆటంకం మరపు కాదు, లోభం. కొందరు ఘనులైన వాదకులు తమ అపురూపమైన వరుసలను మరొక వాదకుడు వింటుండగా వాయించేవారు కారు. ఇతరులు నేర్చుకుంటే తమ విలువ తగ్గుతుందని వారి భయం. అటువంటివారిని గూర్చి ఆయన తన గ్రంథంలో నొచ్చుకుంటూ వ్రాశాడు. దాచుకొన్న బంగారం వారసులకైనా దక్కుతుంది. దాచుకొన్న పాట ఎవరికీ దక్కదు. 1931లో ఓనీల్ తన గ్రంథాలయాన్ని నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశాడు. 1936 జనవరిలో కన్నుమూశాడు.

సైకిలు మీద వచ్చిన అతిథి

వెళ్లిన పాటలు తిరిగివచ్చిన కథ కూడా ఉంది. స్లైగో జిల్లాకు చెందిన మైకేల్ కోల్‌మన్ 1914లో అమెరికా చేరి, 1920లలోనూ 1930లలోనూ న్యూయార్క్‌లో తన ఫిడేలు వాదనను గ్రామఫోను రికార్డులకు ఎక్కించాడు. అవి వలసపోయిన బంధువులు పంపే పార్సెళ్లలో ఐర్లండు పల్లెలకు చేరేవి. గ్రామఫోను ఉన్న ఇంట ఊరంతా గుమిగూడేది. స్వదేశంలో వన్నె తగ్గిన సంగీతం పరదేశం నుండి ప్రతిష్ఠతో తిరిగివచ్చింది. దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. అందరూ కోల్‌మన్‌నే అనుకరించసాగారు; జిల్లాకొక తీరుగా పలికే ఫిడేలు అంతటా స్లైగో యాసలో పలకసాగింది. పంచుకోవడంలోనూ తెలివిడి అవసరమని ఆ అనుభవం నేర్పింది.

ఆ తెలివిడి షేమస్ ఎన్నిస్‌కు ఉండేది. ఆయన పేరుపొందిన పైపుల వాదకుడు. మోచేతి కింద తిత్తిని నొక్కుతూ వాయించే ఆ వాద్యం ఐర్లండుకు ప్రత్యేకం. 1942లో ఐరిష్ జానపద సంస్థ ఆయనను పాటల సేకరణకు నియమించింది. అది యుద్ధకాలం. ఎన్నిస్ సైకిలెక్కి, కలం కాగితాలతో పశ్చిమ తీరంలోని కానెమారాకు బయలుదేరాడు. గ్లిన్స్క్ అనే చోట ఆయనకు కోలం ఓ కీయన్ అనే నిరుపేద రైతు పరిచయమయ్యాడు. చేపలు పట్టుకొంటూ, కాస్త పొలం చేసుకొంటూ బ్రతికే ఆ మనిషికి చదువు రాదు. అయితే ఆయన కంఠంలో ఒక గ్రంథాలయమే ఉంది. అతని ఒక్కని వద్దనే ఎన్నిస్ 200 పైగా పాటలూ తదితరాలూ వ్రాసుకున్నాడు. అధికారిలా వచ్చి అడిగి ఉంటే ఆ సంపద దొరికేది కాదు. ఎన్నిస్ వారి భాషలో, వారి యాసలోనే మాట్లాడేవాడు. తానూ వాయించేవాడు, తానూ పాడేవాడు. ఇచ్చి పుచ్చుకొనే స్నేహితునికి లభించినదే ఆ పాటల పంట.

తరువాతి పాట మీది

ఐర్లండు ఇళ్లలో చలికాలపు రాత్రులు నిప్పుల పొయ్యి చుట్టూ చేరి పాడుకొనే అలవాటు పూర్వం నుండీ ఉన్నది. ఆ కూడికలలో ఒక మర్యాద ఉంది. పాట ముగించినవానికి, తరువాత ఎవరు పాడాలో పిలిచే హక్కు దక్కుతుంది. పిలిచినప్పుడు ఊరికే కాదనడం మర్యాద కాదు. గొప్ప గొంతు లేనివారు కూడా తమకు వచ్చినదేదో పాడవలసిందే. పాత పద్ధతిలో, ఏ వాద్యమూ లేకుండా పాడే గాయకుడు కళ్లు మూసుకొని లీనమైపోతే, పక్కనున్న శ్రోత ఆయన చేతిని తన చేతిలోకి తీసుకొని పాట నడకను అనుసరించి మెల్లగా తిప్పడం కొన్ని ప్రాంతాల ఆచారం. ఆ క్షణంలో పాట ఇద్దరిదీ అవుతుంది.

1935లో వచ్చిన నృత్యశాలల చట్టం, లైసెన్సు లేని నృత్యసభలను నిషేధించింది. దాని పేరు చెప్పి ఇళ్లలో జరిగే కూడికలను కూడా చాలాచోట్ల అణచివేశారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట లండన్‌లో కట్టడాల పనులకు వెళ్లిన ఐరిష్ కూలీలకు ఆడిపాడుకోవడానికి ఇల్లంటూ లేదు. వారు పానశాలల మూలలలో గుండ్రంగా కూర్చుని వాయించుకోసాగారు. నేడు ‘సెషన్’ పేరుతో దేశదేశాలలో కనిపించే కూడికకు రూపమిచ్చినది వారే. అందులో వేదిక లేదు, ఎదుట కాగితం లేదు. ఒకరు వరుస ఎత్తుకొంటారు, తెలిసినవారు కలుస్తారు, తెలియనివారు చెవి ఒగ్గి నేర్చుకుంటారు. 1951లో వెలసిన సంగీత సంఘం ఏటేటా నడిపే ఉత్సవంలో పోటీలకంటె, పోటీలు ముగిశాక వీధులలో సాగే ఇటువంటి కూడికలే ఎక్కువమందిని ఆకర్షిస్తాయి.

కవి పాట్రిక్ కావనా 1946లో ప్రకటించిన ‘రాగ్లన్ రోడ్’ అనే ప్రేమ కవితకు ఊపిరి పోసినదీ ఇటువంటి కూడికే. డబ్లిన్‌లోని బెయిలీ అనే పానశాలలో పాటలు సాగుతుండగా, డబ్లినర్స్ బృంద గాయకుడు ల్యూక్ కెలీని కావనా దగ్గరకు పిలిచి, నీకొక పాట ఉన్నదని చెప్పాడట. ఒక పాత ఐరిష్ వరుసలో ఒదిగిన ఆ కవితను కెలీ దేశమంతటా వినిపించాడు. 1967లో కవి, 1984లో గాయకుడు వెళ్లిపోయారు. ఆ పాట మాత్రం ఇప్పటికీ ప్రతి కూడికలోనూ ఎవరో ఒకరు ఎత్తుకొంటూనే ఉన్నారు.

మదనపల్లెలో ఒక సాయంకాలం

ఇక ఈ కథ మన దేశానికి వచ్చిన దారి. బంటింగ్ వ్రాసిపెట్టిన వరుసలలో అనేకం కవి థామస్ మూర్ చేతికి అందాయి. వాటికి ఆంగ్లంలో మాటలు కూర్చి 1808 నుండి 1834 దాకా ఆయన వెలువరించిన ‘ఐరిష్ మెలొడీస్’ దేశదేశాలకు పాకాయి. కలకత్తాలో ఠాకూర్ల ఇంట ఆ పుస్తకపు ప్రతి ఒకటి ఉండేది. కుటుంబ మిత్రుడైన అక్షయ చౌదరి అందులోని గీతాలను భావయుక్తంగా చదువుతుంటే బాలుడైన రవీంద్రుడు మైమరచి వినేవాడు. పుస్తకంలో ఉన్న హార్ప్ బొమ్మను చూచి, ఆ సంగీతం ఎట్లా ఉంటుందోనని ఊహించుకొనేవాడు. 1878లో ఇంగ్లండు వెళ్లినప్పుడు వాటిలో కొన్నింటిని నేర్చుకున్నాడు. తిరిగివచ్చి 1881లో ‘వాల్మీకి ప్రతిభ’ గేయనాటకం రచించినపుడు, వనదేవతల విలాపానికి ఒక ఐరిష్ వరుసనే వాడుకున్నాడు. ఈ సంగతులన్నీ ఆయన తన జీవిత స్మృతులలో చెప్పుకొన్నాడు.

ఆ బాకీ తీరిన స్థలం మన రాయలసీమ. ఐర్లండులోని బాయిల్ పట్టణంలో 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ సంగీత పట్టభద్రురాలు. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి చెరసాల చూచినది. 1915లో భర్త, కవి జేమ్స్ కజిన్స్‌తో కలసి భారతదేశం వచ్చింది. జేమ్స్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. వారమునకొక సాయంకాలం విద్యార్థులూ అధ్యాపకులూ ఒకచోట చేరి, ఎవరికి నచ్చిన పాట వారు పాడుకోవడం అక్కడ ఆనవాయితీ.

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు విశ్రాంతికై మదనపల్లె వచ్చి, ఒకనాడు ఆ కూడికలో కూర్చున్నాడు. పాట పాడుమని కోరగా ‘జనగణమన’ ఎత్తుకున్నాడు. అది 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి వినిపించిన పాట. మదనపల్లె విద్యార్థులకు కొత్త, భాష కూడా కొత్త. పల్లవి మొదటిసారి విన్నప్పుడు చెవులు నిక్కించారు, రెండవసారికి గొంతు సవరించుకున్నారు. మళ్లీ మళ్లీ పాడించుకొని, చివరకు అందరూ ఉత్సాహంగా గొంతు కలిపారు. జేమ్స్ కజిన్స్ ఆ సాయంకాలాన్ని తమ దంపతుల ఆత్మకథలో ముచ్చటగా వర్ణించాడు.

ఆ తరువాత మార్గరెట్ తన దేశపు సేకర్తలు చేసిన పనే ఇక్కడ చేసింది. కవి పాడిన వరుసను ఆయన సమ్మతితో స్వరలిపిలో నిబంధించింది. ఆ మదనపల్లె బసలోనే రవీంద్రుడు ఆ పాటను ఆంగ్లంలోకి అనువదించి, ‘భారతదేశ ప్రభాతగీతం’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. కళాశాలవారు ఆ పాటను నిత్యప్రార్థనగా స్వీకరించారు. 1950 జనవరి 24న అది స్వతంత్ర భారత జాతీయగీతం అయింది. మార్గరెట్ 1954లో మద్రాసులో మరణించింది.

97 ఏళ్ల అంధవృద్ధుడు ప్రయోజనమేమిటని సంకోచిస్తూనే బెల్‌ఫాస్ట్‌లో తీగెలు మీటిన నాటికీ, మదనపల్లె విద్యార్థులు తమకు తెలియని భాషలో గొంతు కలిపిన సాయంకాలానికీ నడుమ 127 సంవత్సరాలు గడిచాయి. ఆ పొడవునా పాటను నడిపించినవారిలో రాజులు లేరు, సైన్యాలు లేవు. ఒక ఆర్గన్ వాదకుడు, ఒక కవి, పుస్తకం పైకి చదివి వినిపించిన ఒక కుటుంబ మిత్రుడు, కలం పట్టిన ఒక ఇల్లాలు ఉన్నారు. తమకు నచ్చినదానిని పక్కవారికి వినిపించడమే వారు చేసిన పని. హెంప్సన్ అడిగిన ప్రశ్నకు వారందరి జీవితాలే సమాధానం.